తోమిన చెయ్యి

ఆడపిల్లల హాస్టల్ గేటుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల, ఒక ముక్కాలి పీట, ఒక చెక్కపెట్టె, ఒక గొడుగు. అదే ఆమె షాపు. బ్యాగుల జిప్పులు బాగుచేస్తుంది. అందరూ జిప్పులమ్మ అంటారు. పిల్లలూ అలాగే అంటారు, ఎదురుగా మాత్రం కాదు.

కోపం ఆమెకు ఆకలి లాంటిది. వేళకు వస్తుంది. బ్యాగు ఎలా పాడైందో చెప్పబోతే కోపం, చెప్పకపోతే కోపం.

"రెండు బ్యాగుల బట్టలు ఒకదాంట్లో కుక్కుతారు. తప్పు జిప్పుదంటారు. జిప్పుకు నోరు లేదని."

"ఆ నోరు కూడా నీకే ఇచ్చాడుగా అక్కా దేవుడు" అంటాడు పక్కన జిరాక్స్ షాపాయన.

"నువ్వు కాపీలు తీసుకో నాయనా. సొంతంగా మాట్లాడకు."

పందొమ్మిదేళ్లు బ్యాగుల ఫ్యాక్టరీలో పనిచేసింది. మైనం రాసిన దారం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వేళ్ల మీదుగా జారుతూ ఉండేది. పోతూ పోతూ వేళ్ల మీది గీతల్ని కూడా తీసుకుపోయింది. అది ఆమెకు తెలియదు. హాజరుకు వేలిముద్ర మిషన్ పెట్టిన రోజు తెలిసింది. అంతకుముందు వారమే అందరి చేత పది వేళ్లూ ఒత్తించుకున్నారు. ఆ రోజు బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. తుడుచుకుని మళ్లీ పెట్టింది. ఎర్ర లైటు. లోపలికి వెళ్లి సాయంత్రం దాకా కుట్టింది. రాలేదని రాశారు. రెండో రోజూ అంతే. మూడో రోజు ఒక్కో వేలూ పెట్టి చూసుకుంది. ఎడమచేతి చిటికెన వేలికి పచ్చ లైటు వెలిగింది.

"దొరికిందిగా వేలు. ఇంకేంటి గొడవ?" అన్నాడు సూపర్‌వైజర్.

"ఆ రెండు రోజులూ నా బల్ల మీద బ్యాగులు ఎవరు కుట్టారు?"

అతను నవ్వాడు. ఆమె కత్తెర బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసింది. పదకొండేళ్లయింది. ఆ కోపం చల్లారలేదు. చల్లార్చుకోవాలని ఆమె అనుకోలేదు కూడా.

*

సెలవులిచ్చే రోజు జిప్పులమ్మకు తల ఎత్తే తీరిక ఉండదు. పన్నెండు రోజులు హాస్టల్ మూస్తారు. ఏడాదంతా కిక్కురుమనకుండా ఉన్న జిప్పులన్నీ ఆ ఒక్క రోజే ఊడతాయి. పిల్లలు గేటు ఊచల్లోంచి బ్యాగులు తోస్తారు. వాచ్‌మన్ అందుకుని రోడ్డు దాటించి తెస్తాడు.

గేటు పక్కనే ఆఫీసు గది. దాని కిటికీ రోడ్డు వైపుకే ఉంటుంది. కిటికీ గట్టు మీద అరచేయంత మిషన్. తల్లో తండ్రో వచ్చి వేలు పెట్టాలి. పచ్చ లైటు వెలిగితే గుమాస్తా లోపల్నుంచి "వదులు" అంటాడు. వాచ్‌మన్ గేటు తీస్తాడు. ఎర్ర లైటు వెలిగితే తీయడు. కొన్నేళ్ల క్రితం ఎవడో మేనమామనని చెప్పి ఒక పిల్లను తీసుకుపోయాడు. రెండు రోజులు వెతికితే దొరికింది. అప్పట్నుంచీ ఈ మిషన్. అందులో తప్పు లేదని జిప్పులమ్మ కూడా అంటుంది.

సాయంత్రం ఐదింటికి కిటికీ మూస్తారు. అప్పటికీ మిగిలిన పిల్లల్ని వ్యాను ఎక్కించి ఊరి చివర ఒక పెద్ద హాలుకు పంపుతారు. పన్నెండు రోజులూ అక్కడే. ఎక్కడెక్కడి హాస్టళ్ల పిల్లలూ అక్కడే.

ఆ పొద్దున అందరికన్నా ముందు వచ్చింది గుమాస్తా బ్యాగు. ఆయనే స్వయంగా మోసుకొచ్చాడు. గోధుమరంగు బ్యాగు, కొత్తది, నిండుగర్భిణిలా ఉంది. జిప్పు రన్నర్ ఒకవైపు పళ్లు వదిలేసి వేలాడుతోంది.

"నాలుగింటికల్లా కావాలమ్మా. ఐదున్నర బస్సు."

"ఎక్కడికో?"

"అత్తగారింటికి. సెలవులు పిల్లలకేనా?"

"సగం బట్టలు తీసేయండి సార్."

"అన్నీ కావాల్సినవే."

"అత్తగారింటికి పోతున్నారా, కాపురానికి పోతున్నారా?" అంది. గుమాస్తా వినిపించనట్టు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం వాచ్‌మన్ ఒక చిన్న నీలం బ్యాగు తెచ్చాడు. రన్నర్ లేదు. పళ్లు నాలుగు విరిగాయి. లోపల రెండు గౌన్లు, ఒక దువ్వెన, ఒక తువ్వాలు.

"ఎవరిదయ్యా ఇది? కుక్క కొరికిందా?"

"అదిగో, ఆ పిల్లది అక్కా." వాచ్‌మన్ గేటు వైపు గడ్డం ఎగరేశాడు. ఊచల వెనక ఎనిమిదేళ్ల పిల్ల. రెండు జడలు. రిబ్బన్లు రెండు రంగులవి. "తెల్లారినప్పట్నుంచీ అక్కడే నిలబడింది. అన్నానికి కూడా కదల్లేదు."

జిప్పులమ్మ లేచి రోడ్డు దాటింది. ఆమె రోడ్డు దాటడం జిరాక్స్ షాపాయన ఎప్పుడూ చూడలేదు.

"ఏమే, ఈ రన్నర్ ఏదీ?"

"లేదు జిప్పులమ్మా."

"పేరు పెట్టి పిలుస్తావా? పెద్దమ్మా అను."

"లేదు పెద్దమ్మా. పోయిన సెలవుల్లో పెద్ద హాల్లో పోయింది. బ్యాగు తల కింద పెట్టుకుని పడుకున్నా. ఎవరో లాగేశారు."

"పెద్ద హాలుకు ఎందుకెళ్లావు? మీ అమ్మ రాలేదా?"

"వచ్చింది. మిషన్ వద్దంది."

"మిషన్ వద్దనడమేంటే?"

"ఎర్ర లైటు వచ్చింది. మూడుసార్లు. ఇక్కడే నిలబడి చూశా." పిల్ల ఊచ మీద వేలితో గీస్తోంది. "ఈసారి రాదు. అమ్మకు సార్ చెప్పారంట, ఎలా చెయ్యాలో."

జిప్పులమ్మ పెట్టె దగ్గరికి వెళ్లి, గుమాస్తా బ్యాగు ఒక చేత్తో, కొవ్వొత్తి ముక్క ఒక చేత్తో పట్టుకుని మళ్లీ వచ్చింది. రన్నర్ అప్పటికే ఎక్కించింది. కొత్త పళ్లకు మైనం పట్టించాలి, లేకపోతే రన్నర్ మొరాయిస్తుంది. బ్యాగును ఊచలకు ఆనించింది.

"ఊరికే నిలబడితే కాళ్లు నొప్పెడతాయి. ఇది జిప్పు మీద రుద్దు. పైనుంచి కిందికి. కింద నుంచి పైకి రుద్దావో చంపేస్తా."

పిల్ల ఊచల్లోంచి చెయ్యి చాపి రుద్దడం మొదలుపెట్టింది. పైనుంచి కిందికి. జిప్పులమ్మ తన సంచిలోని రొట్టె రెండు ముక్కలు చేసి ఒకటి ఊచల్లోంచి తోసింది.

"ముందు తిను. మైనం చేత్తో తినకు. ఎడమ చేత్తోనే తిను, ఫర్వాలేదు, ఎవరూ చూడరు."

నీలం బ్యాగుకు పాత రన్నర్లలోంచి మంచిది ఏరి వేసింది. విరిగిన పళ్ల దగ్గర దారంతో గట్టిగా కుట్టేసింది. ఇంక అక్కడి దాకానే తెరుచుకుంటుంది. రెండు గౌన్లకు అది చాలు.

*

నాలుగు కావస్తుండగా తల్లి వచ్చింది. ఏదో కార్ఖానా క్యాంటీన్లో గిన్నెలు తోముతుంది. మనుషులు లోపలికి దిగి కడగాల్సినంత పెద్ద గిన్నెలు. ఇస్త్రీ చీర కట్టుకుంది. వరసలో పది మంది వెనక నిలబడింది. ఊచల వెనక పిల్ల మైనం రుద్దడం ఆపేసింది.

తల్లి వంతు వచ్చింది. కుడిచెయ్యి చీర కొంగులోంచి బయటికి తీసింది. అప్పటిదాకా దాచినట్టుంది.

"ఈసారి బాగా కడిగాను సార్. మీరు చెప్పారుగా. రెండు రోజులు రాయి పెట్టి తోమాను. ఒక్క మరక లేదు, చూడండి."

"మంచిది. పెట్టు."

ఎర్ర లైటు.

"గట్టిగా ఒత్తు."

ఎర్ర లైటు.

"కదల్చకుండా పెట్టమ్మా."

ఎర్ర లైటు.

"మూడైపోయాయి. పక్కకి జరుగు. తర్వాత ఎవరు?"

"సార్, పిల్ల అక్కడే ఉంది. నన్ను చూస్తోంది. దాన్ని అడగండి నేనెవరో."

"పిల్ల చెప్తే సరిపోతే ఈ మిషన్ ఎందుకమ్మా? రూలు నేను రాయలేదు. వార్డెన్ మేడమ్‌ను అడుగు. మేడమ్ నిన్ననే సెలవు మీద వెళ్లారు."

వెనకాయన తల్లిని భుజంతో కొంచెం నెట్టి ముందుకు వచ్చాడు. పచ్చ లైటు. "వదులు." ఒక పిల్ల పరుగెత్తుకుంటూ బయటికి వెళ్లింది.

తల్లి గేటు దగ్గరికి నడిచింది.

"పచ్చది రాలేదా అమ్మా?"

"వస్తుందే. చెయ్యి తడిగా ఉంది. ఆరనీ."

ఆమె చెయ్యి ఆరే ఉంది. నున్నగా, ఎర్రగా, మెరుస్తూ ఉంది. రోడ్డుకు అవతల నుంచే జిప్పులమ్మకు ఆ మెరుపు కనిపించింది. చేతిలో ఉన్న ఆర, ఆ కుట్టే పెద్ద సూది, పడేసి వచ్చింది. అడగకుండా ఆమె కుడిచెయ్యి పట్టుకుని వెలుతురుకు తిప్పింది. బొటనవేలి మీద చర్మం కొత్త పింగాణీలా ఉంది. ఒక్క గీత లేదు. ఒక పక్కన రక్తం చెమర్చి ఎండింది.

"నీకు బుద్ధుందా? ఎవరు తోముకోమన్నారు నిన్ను? ఇది చెయ్యా, గిన్నెనా?"

తల్లి బిత్తరపోయింది. "సారే చెప్పారండి. పోయినసారి చేతులు మురికిగా ఉన్నాయి, అందుకే పడలేదు, శుభ్రంగా కడుక్కుని రమ్మన్నారు. సోడాతో కడిగాను. నమ్మకం కుదరక రాయితో కూడా..."

"శుభ్రంగా." జిప్పులమ్మ ఆ మాట ఒక్కటే అంది. తర్వాత, "ఎడమ చెయ్యి కూడా తోమావా?"

"లేదండి. వేలు పెట్టేది ఈ చెయ్యే కదా."

"ఇటు చూపించు."

ఎడమచేతి బొటనవేలు అరిగిపోయింది. చూపుడు వేలు, మధ్య వేలు గిన్నె అంచు పట్టుకునేవి, వాటిదీ అదే కథ. ఉంగరం వేలు సగం. చిటికెన వేలు మాత్రం గిన్నెకు ఎడంగా ఉండేది. దాని మీద గీతలు నిండుగా ఉన్నాయి.

"పిల్లను చేర్చినప్పుడు ఎన్ని వేళ్లు ఒత్తించారు?"

"రెండు చేతులూ పెట్టించారండి. అన్నీ."

జిప్పులమ్మ కిటికీ దగ్గరికి వెళ్లింది. వరస అయిపోయింది. గుమాస్తా కాగితాలు సర్దుతున్నాడు. నాలుగూ నలభై.

"సార్, ఆమె చేత ఇంకో వేలు పెట్టించండి."

"మూడుసార్లు అయిపోయాయమ్మా. నీకెందుకు? నీకేమవుతారు వాళ్లు?"

"ఏమీ కారు. పెట్టించండి."

"మళ్లీ మొదట్నుంచీ పేరు కొట్టాలి, నంబరు కొట్టాలి. టైమ్ అయిపోయింది. నా బ్యాగు అయిందా?"

"అయింది."

"తీసుకురా మరి."

జిప్పులమ్మ గేటు దగ్గరున్న గోధుమరంగు బ్యాగును తీసింది. కిటికీ ఎదురుగా తెచ్చి నేల మీద పెట్టింది. దాని మీద కూర్చుంది.

గుమాస్తా కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ఏంటది? నా బ్యాగు మీద కూర్చుంటావా?"

"కూర్చోక? నెత్తిన పెట్టుకుని ఊరేగమంటావా?"

అప్పటిదాకా ఆయన్ని మీరు అన్న మనిషి నువ్వు అంది. అది గుమాస్తాకు కూడా వినిపించింది.

"లోపల ఇస్త్రీ చొక్కాలున్నాయి!"

"తెలుసు. మెత్తగా ఉంది."

"వాచ్‌మన్! ఈమెను లేపు."

వాచ్‌మన్ ఇద్దరి వైపూ చూశాడు. "అక్కా, నా ఉద్యోగం..." అన్నాడు. ఒక అడుగు వేశాడు. ఆమె చూసింది. ఆ అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"పోలీసుల్ని పిలుస్తాను."

"పిలు. వాళ్లొచ్చేసరికి నీ బస్సు పోతుంది. పిల్ల ఇక్కడే ఉంటుంది, తల్లి ఇక్కడే ఉంటుంది, నేనెటూ ఇక్కడే ఉంటాను. వచ్చాక వాళ్ల ఎదురుగానే పది వేళ్లూ పెట్టిద్దాం."

"అక్కా, కాపీ ఏమన్నా కావాలంటే చెప్పు, నేనున్నా" అని అవతలి నుంచి కేకేశాడు జిరాక్స్ షాపాయన. ఆమె తల తిప్పలేదు. ఆ రోజు జోకులకు చోటు లేదని ఆయనకు అర్థమై షాపులోంచి లేచి వచ్చి నిలబడ్డాడు.

గేటు లోపల వ్యాను ఇంజను స్టార్ట్ అయిన చప్పుడు. ఐదారుగురు పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఎక్కుతున్నారు. ఎవరో ఆయమ్మ ఈ పిల్లను పిలిచింది. పిల్ల కదల్లేదు. ఊచను రెండు చేతులా పట్టుకుంది. మళ్లీ పిలిచింది. పిల్ల ఏడవలేదు. ఊచకు నుదురు ఆనించి కళ్లు మూసుకుంది.

గుమాస్తా గడియారం చూసుకున్నాడు. బ్యాగు వైపు చూశాడు.

"ఏ వేలు?"

"ఎడమచేతి చిటికెన వేలు."

ఆయన పేరు కొట్టాడు, నంబరు కొట్టాడు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. తల్లి ముందుకు వచ్చింది. వేలు పెట్టింది. ఎర్ర లైటు.

"చూశావా?" అన్నాడు గుమాస్తా.

"చెమట అది. ఇటు రా." జిప్పులమ్మ బ్యాగు మీద నుంచి లేవకుండానే ఆ వేలు పట్టుకుని తన కొంగుతో తుడిచింది. ఉఫ్ అని ఊదింది, పసిపిల్ల దెబ్బ మీద ఊదినట్టు. "ఇప్పుడు పెట్టు. ఒత్తకు. ఊరికే ఆనించు. అది నీకేం శత్రువు కాదు."

పచ్చ లైటు.

తెర మీద తల్లి ఫోటో వచ్చింది. పిల్లను చేర్చిన నాటిది. దాంట్లో ఇంకొంచెం బుగ్గలున్నాయి.

"ఆఁ, పడింది" అన్నాడు గుమాస్తా. "వదులు." తర్వాత కంప్యూటర్ ఆపుతూ, ఏదో వానొచ్చేలా ఉంది అన్నంత తేలికగా, "పది వేళ్లలో ఏదైనా ఫర్వాలేదులే. మొదట్నుంచీ అంతే" అన్నాడు.

జిప్పులమ్మ లేచి నిలబడింది.

"మొదట్నుంచీనా?"

"అవును."

"మరి పోయినసారి ఎందుకు చెప్పలేదు?"

"ఆమె అడగలేదుగా."

గేటు తెరుచుకుంది. పిల్ల వచ్చి తల్లి నడుముకు చుట్టుకుంది. తల్లి ఒక చేత్తో పిల్లను పట్టుకుని, రెండో చేతి చిటికెన వేలు వైపే చూస్తోంది.

"అంటే పోయినసారి కూడా ఈ వేలు పడేదేనా అండీ?"

జిప్పులమ్మ వంగి బ్యాగుకు అంటిన దుమ్ము దులిపింది.

గుమాస్తా కిటికీ మూసి, తాళం వేసి, బయటికి వచ్చాడు. బ్యాగు కోసం చెయ్యి చాపాడు. ఆమె బ్యాగు ఎత్తి, ఆయన కళ్ల ముందు జిప్పును ఈ చివర నుంచి ఆ చివరకు లాగింది. నీళ్లలా జారింది.

"చూసుకో. ఎక్కడా పట్టదు. ఊడదీసి నీ చేతిలో పెడదామనుకున్నా ఇందాక. చేతకాలేదు. పని చెడగొట్టడం నాకు రాదు. ఆ విద్య నీది. ఇంకోటి. దీనికి మైనం రాసింది నేను కాదు. ఆ పిల్ల. రెండు గంటలు రాసింది, నువ్వు దాన్ని వ్యాను ఎక్కించేలోగా. తీసేటప్పుడూ పెట్టేటప్పుడూ గుర్తు తెచ్చుకో."

ఆయన బ్యాగు అందుకుని బస్టాండు వైపు నడిచాడు. బస్సు అందే ఉంటుంది.

తల్లి ఏదో చెప్పబోయింది. చేతులు జోడించబోయింది.

"చాలు. ఆ చేతికి కొంచెం నూనె పట్టించు. నెల రోజులు రాయి ముట్టుకోకు. ఎవడు చెప్పినా సరే." నీలం బ్యాగు పిల్ల భుజానికి తగిలించింది. "ఇది ఇక్కడిదాకానే తెరుచుకుంటుంది. లాగావో చంపేస్తా."

"సరే పెద్దమ్మా."

కొవ్వొత్తి ముక్క పిల్ల గుప్పిట్లోనే ఉండిపోయింది. జిప్పులమ్మ చూసింది, అడగలేదు. వాళ్లు మలుపు తిరిగేదాకా కూడా నిలబడలేదు. వెళ్లి పీట మీద కూర్చుని, పెట్టెలో ఆర, పటకారు, దారం ఉండలు దబదబా పడేసింది.

"గెలిచావుగా అక్కా. ఇంకా మొహం అలా పెట్టావేం?" అన్నాడు జిరాక్స్ షాపాయన.

"ఏం గెలిచాను? వ్యాను వెళ్లిపోలేదూ?"

ఆయన గేటు వైపు చూశాడు. వ్యాను నిజంగానే వెళ్లిపోయింది. అందులో ఐదారుగురున్నారు. వాళ్ల తల్లుల్లో ఎవరెవరు పొద్దున వచ్చి వేలు పెట్టి వెళ్లిపోయారో, ఎవరెవరు అసలు రాలేదో, జిప్పులు కుడుతూ తల వంచుకుని కూర్చున్న ఆమె చూడలేదు. తను చూడలేదన్నదే ఆమెను కోస్తోంది.

ఆ తర్వాతి సెలవులకు ఆమె షాపు పెట్టలేదు. పొద్దున్నే ముక్కాలి పీట తెచ్చి కిటికీ పక్కన వేసుకుంది. వచ్చిన ప్రతి తల్లి చెయ్యీ అడగకుండా లాక్కుని వెలుతురుకు తిప్పి చూసింది. కొత్తగా వచ్చిన ఒకామె, చెయ్యి చూసి జాతకం చెప్తుందనుకుని ఆశగా అడిగింది.

"ఏముందండీ, నా చేతిలో?"

"గిన్నెలున్నాయి, ఇటుకలున్నాయి, ఇంకేముంటాయి? ఈ వేలు పెట్టు. ఇది పడకపోతే ఆ పక్కది పెట్టు. అన్నీ అయ్యేదాకా కిటికీ వదలకు. నేనిక్కడే కూర్చుంటా."

కిటికీ వెనక గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. పేరు కొట్టాడు, నంబరు కొట్టాడు.